కసి అంకె

నేను బతికి బయటపడింది దేవుడి దయ వల్ల కాదు, శాస్త్రజ్ఞుల తెలివి వల్ల కూడా కాదు. మా బావమరిదిని నా చేతులతో చంపాలి, అందాకా నేను చావకూడదు. ఆ ఒక్క కోరికతో తొంభై నాలుగు రోజులు సముద్రం అడుగున ఇనప గదిలో ఒక్కణ్ణే బతికాను. తరవాత పేపర్లవాళ్ళు వచ్చి "అంత ఒంటరితనాన్ని ఎలా తట్టుకున్నారు?" అని అడిగారు. "ధైర్యంతో" అని చెప్పాను. ధైర్యమా నా బొందా! కసి.

నా పేరు మైలపల్లి తాతారావు. మాది విశాఖ తీరంలో నూకాలమ్మపాలెం. మా తాతల నాటి నుంచి మా ఇంటి మగవాళ్ళకు వేటతో పాటు ఇంకో పని ఉంది. వల అడుగున రాతికి పట్టుకుంటే నడుముకు తాడు కట్టుకుని దిగి విడిపించి రావాలి. ఆ తాడు రెండో కొస పడవలో ఎవరు పట్టుకోవాలన్నది మాలో ఎప్పుడో తేలిపోయిన సంగతి. బావమరిదే పట్టుకోవాలి. అన్నదమ్ములకైతే ఆస్తి మీద కన్నుండొచ్చు, స్నేహితుడికి ఇంకోటి ఉండొచ్చు. భార్య తమ్ముడు తాడు వదిలేస్తే పసుపు కుంకాలు పోయేది వాడి సొంత అక్కకే. అందుకని వాడు వదలడు.

నా తాడు ఎల్లాజీది. నా భార్య నూకరత్నానికి తమ్ముడు, నాకన్నా ఆరేళ్ళు చిన్న, ఒట్టి వాగుడుకాయ. పెళ్ళిపీటల మీద నా చెవి దగ్గరకు వచ్చి, "బావా, మా యక్క గురక పెడతాది. ఇప్పుడైనా మించిపోనేదు, లేసిపో" అన్నవాడు. పదకొండేళ్ళలో వాడు నా తాడు పట్టిన ప్రతిసారీ నేను పైకి వచ్చాను.

అలా లోతుకు దిగి వచ్చే నేర్పు చూసే నన్ను సముద్ర పరిశోధన సంస్థవాళ్ళు తీసుకున్నారు. తీరానికి దూరంగా, మూడువందల మీటర్ల లోతున వాళ్ళు ముగ్గురు మనుషులు ఉండగలిగే గది ఒకటి కట్టారు. దానికేదో పెద్ద పేరుంది, మేము 'గది' అనేవాళ్ళం. అంత లోతు ఒత్తిడికి అలవాటుపడ్డ ఒళ్ళు ఉన్నపళంగా పైకి వస్తే, మూత తీసిన సోడాలా రక్తంలో బుడగలు లేచి మనిషి చచ్చిపోతాడు. కాబట్టి మూతపెట్టిన తొట్టిలో పైకి తీసి, ఓడ మీద ఇంకో ఇనప గదిలో పెట్టి, పన్నెండు రోజులపాటు మెల్లమెల్లగా ఒత్తిడి తగ్గించి వదులుతారు.

మేము ముగ్గురం దిగిన ఆ సారి తుఫాను చెప్పిన దారిన పోకుండా మా మీదికి తిరిగింది. ముందు విడతలో ఇద్దరు పైకి వెళ్ళిపోయారు. తొట్టి నా కోసం తిరిగి దిగుతుండగా తీగ తెగింది. తొట్టి పోయింది, దానితో ఫోనూ పోయింది. ముగ్గురికి రెండు నెలల తిండి, అడుగు ప్రవాహానికి తిరిగే చిన్న చక్రం ఇచ్చే కరెంటు, గాలి శుభ్రం చేసే యంత్రం, ఒక దీపం, నేను మిగిలాం.

పైన తేలే బోయా ఒకటి దక్కింది. దాని ద్వారా రోజుకు ఒక్క నిమిషం పైవాళ్ళ గొంతు నాకు వినిపించేది. నా గొంతు మాత్రం పైకి పోయేది కాదు. నా మణికట్టుకున్న పట్టీ నుంచి నాడి, చెమట, నిద్ర లెక్కలు మాత్రం వెళ్ళేవి. అంటే నేను బతికున్నానని వాళ్ళకు తెలుసు. ఏమనుకుంటున్నానో తెలియదు.

మొదటి మూడు వారాలు నూకరత్నం మాట్లాడింది. "దిగులు పడకయ్యా. ఇక్కడ అందరం బాగున్నాం. కొత్త తొట్టి సేస్తన్నారంట. ఏళకి తిను." ప్రతి రోజూ ఇదే. ఎంత చల్లటి మాటలో! అవి విని కళ్ళు తుడుచుకుని పడుకునేవాణ్ణి. అందరూ బాగున్నారు కదా, నేను లేకపోయినా రోజులు గడుస్తున్నాయి కదా అనిపించేది. ఆ ఆలోచనలో దిగులు కూడా లేదు. అదే చిత్రం. తిండి పొట్లం చింపడానికి బద్ధకం, లేచి రోజుల లెక్కకు గోడ మీద గీత గీయడానికి బద్ధకం. చావు ఇంత సుఖంగా వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు.

మధ్యలో ఒక్క ఇరవయ్యో రోజు మాత్రం ఆవిడకు బదులు ఎల్లాజీ వచ్చాడు. "బావా, నీ సైకిలు నానే ఎక్కుతన్నాను. బ్రేకులు నేవు, నీ నాగే" అని ఏదో వాగి నవ్వాడు. వీడికి నా సైకిలు ఎవడిచ్చాడని ఒక నిమిషం చిరాకుపడ్డాను. అంతే.

ఇరవై నాలుగో రోజు మళ్ళీ వాడే వచ్చాడు. నవ్వు లేదు.

"బావా, నాను ఎల్లాజీని. ఓడోలు సేతులెత్తీసినారు. నువ్వింక రావు. మా యక్క వొయిసులో ఉన్నాది. దానికి మారుమనువు సేసీడానికి ఒప్పందం అయిపోనాది. ఐసు ఫ్యాక్టరీ పైడిరాజు సేసుకుంతానన్నాడు. వొచ్చే నెల దశమికి ముహూర్తం. నువ్వేటీ అనుకోకు."

నిమిషం అయిపోయింది.

మారుమనువంటే మొగుడు పోయినదానికి మరో పెళ్ళి. మాలో అది తప్పు కాదు. మొగుడు పోయాక! నేను మూడు రోజులుగా తిండి ముట్టకుండా పడున్నవాణ్ణి లేచి కూర్చున్నాను. గోడను తన్నాను, కాలి వేలు చిట్లింది. నోటికొచ్చిన బూతులన్నీ ఆ ఇనప డబ్బాను తిట్టాను. తరవాత అన్నం పొట్లం చింపి మొత్తం తిన్నాను. ఆకలేసి కాదు. చచ్చినవాడు గొంతు పిసకలేడు కాబట్టి.

పైడిరాజంటే నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. ఆ సంగతి ఎల్లాజీకి తెలుసు. ఊళ్ళో ఇంతమంది ఉండగా వాణ్ణే తెచ్చాడు. నా తాడు పట్టినవాడు, అక్క మెడలో నా పుస్తెలుండగానే నన్ను చంపేసినవాడు.

అప్పటి నుంచి రోజూ వాడే. ఒక్కో నిమిషం ఒక్కో వాత.

"పైడిరాజు నీ సైకిలెక్కుతన్నాడు బావా. సీటు ఎత్తుగున్నాదని దించీసినాం."

"నీ పడవకి పచ్చరంగు ఎయ్యించినాం. నీకు పచ్చ గిట్టదని తెల్సు. పైడిరాజుకి ఇట్టం."

"నీ కంచం పొయ్యి పక్కన బొగ్గులెయ్యడానికి పెట్టినాం. ఊరికే ఉన్నాది గదా."

"అక్క నిన్న నవ్వినాది బావా. సానాళ్ళకి."

ఆ ఆఖరి మాటకు ఏడ్చాను, తరవాత పళ్ళు నూరుతూ రెండువందల గుంజీలు తీశాను. రోజూ అంతే. గది పది అడుగులు. అటూ ఇటూ వెయ్యిసార్లు నడిచేవాణ్ణి. నడుస్తూ ఎల్లాజీని ఎలా చంపాలో ఆలోచించేవాణ్ణి. గొంతు పిసకడం తొందరగా అయిపోతుంది. పడవలోంచి తోసేస్తే ఈదుకొస్తాడు. తాడు కట్టి దించి, పైనుంచి వాడితో ఓ నిమిషం మాట్లాడి వదిలేయాలి. అది బాగా నచ్చింది. ఎన్ని రోజులు ఆ ముచ్చటతో గడిపానో!

దశమి దగ్గర పడేకొద్దీ ఒళ్ళు మండిపోయేది. నాలుగు రోజులుందనగా, "ముహూర్తం మారింది బావా. పైడిరాజు సినమామ పోనాడు, మైల" అన్నాడు. నేను గెంతులేశాను. తరవాతి ముహూర్తానికి పంతులుగారి కాలు విరిగింది. ఆపైన పైడిరాజుకు ఆటలమ్మ పోసింది. దేవుడు నా పక్కన ఉన్నాడనుకున్నాను. ఇన్నిసార్లు ఆగిపోయే పెళ్ళి ఏమిట్రా అని ఒక్క క్షణం అనుమానించానా? లేదు. కసి పట్టినవాడికి లెక్క కుదిరితే చాలు.

అరవై ఒకటో రోజున గాలి శుభ్రం చేసే యంత్రం ఆగింది. మనం విడిచిన చెడుగాలిని పీల్చేసే సున్నం గుళికలు తడిసి ముద్దయిపోయాయి. తల దిమ్మెక్కింది, చూపు మసకబారింది. ఆ మగతలో ఎప్పుడో పోయిన అమ్మ పిలిచినట్టైంది. మొదటి మూడు వారాల తాతారావైతే ఆ పిలుపుకి వెళ్ళిపోయేవాడే. నేను మాత్రం "పచ్చరంగు, పచ్చరంగు" అనుకుంటూ పాకి వెళ్ళి, చొక్కా చింపి గుడ్డ మీద ఆ గుళికలు పరిచి, ముద్దలు గోళ్ళతో చిదిపి, వేడి గొట్టం పక్కన ఆరబెట్టి మళ్ళీ నింపాను. నాలుగు గంటలు పట్టింది. సున్నానికి గోళ్ళ కింద చర్మం కాలి రక్తం కారింది. యంత్రం మళ్ళీ గుర్రుమన్నప్పుడు నేనన్న మొదటి మాట, "వస్తున్నాన్రా ఎల్లాజీ."

తొంభై నాలుగో రోజు కొత్త తొట్టి వచ్చింది.

ఓడ మీది గదిలో పన్నెండు రోజులు. గోడకు చిన్న గుండ్రటి అద్దం. రెండో రోజు ఆ అద్దంలో నూకరత్నం మొహం కనిపించింది. ముందు మెడ చూశాను. నా పుస్తెలే ఉన్నాయి. సమయానికి వచ్చాననుకున్నాను. ఎముకల గూడైపోయింది మనిషి. ఏదో అంటోంది, ఏడుస్తోంది. నేను మాత్రం ఎంతో తియ్యగా, "ఎల్లాజీని ఓపాలి పిలువే" అన్నాను. ఆ గదిలో హీలియం కలిసిన గాలి ఉంటుంది, అందులో ఎవరు మాట్లాడినా గొంతు బాతు అరుపులా వస్తుంది. "ఆణ్ణి సంపుతాను" అని నేను పళ్ళు కొరికితే బయటున్న నర్సు నవ్వాపుకోలేక పక్కకు తిరిగింది. నూకరత్నం నవ్వలేదు. తల దించుకుంది.

తలుపు తెరిచిన రోజు డాక్టర్ వకుళ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. సంస్థలో ఒంటరిగా పనిచేసేవాళ్ళ ఆరోగ్యం ఆవిడ చూస్తుంది. యాభై దాటిన మనిషి, పీలగా ఉంటుంది, మాట మాత్రం గట్టిది.

"తాతారావుగారూ, మారుమనువు లేదు. పైడిరాజుకి ఈ సంగతే తెలియదు. ఎల్లాజీ చెప్పినవన్నీ అబద్ధాలు. మేం చెప్పించాం."

నేను మళ్ళీ చెప్పమన్నాను.

ఆవిడ ఒక కాగితం తీసింది. దాని మీద ఒక గీత, రోజువారీ. "మీ నాడి, చెమట, నిద్ర కలిపి ఒక అంకె కడతాం. బతకాలని ఒళ్ళు ఎంత గట్టిగా పట్టుపడుతోందో చెప్పే అంకె. మీ భార్య ఓదార్చిన ప్రతి రోజూ అది పడిపోయింది. పంతొమ్మిదో రోజుకి పదకొండు. మీరు ప్రశాంతంగా చచ్చిపోతున్నారు. ఇరవయ్యో రోజు ఎల్లాజీ హాస్యానికి సైకిలు ఊసెత్తాడు. పదకొండు కాస్తా ముప్పై అయింది. ఆ ముప్పై చూసి నేను కుర్చీలోంచి లేచిపోయాను."

మిగతాది చిన్నచిన్న ముక్కల్లో చెప్పింది. ఏ మాట ఎవరి నోట వింటే ఆ అంకె ఎంత పెరుగుతుందో లెక్కగట్టే యంత్రం ఆవిడ దగ్గర ఉంది. కాగితం మీద ఏమని పేరు పెట్టుకున్నారోగానీ లేబరేటరీలో అందరూ దాన్ని 'కసి అంకె' అంటారు. తొట్టి ఆలస్యమైనప్పుడల్లా పెళ్ళి వాయిదా పడింది. పంతులుగారి కాలు కూడా ఆ యంత్రమే విరగ్గొట్టింది.

నేను పగలబడి నవ్వాను, ఏడ్చాను, ఆవిడకు దండం పెట్టాను. బుర్రకు అంతా అర్థమైంది.

అప్పుడే తలుపు దగ్గర ఎల్లాజీ నిలబడ్డాడు. చేతిలో టిఫిను క్యారేజీ, అందులో కోనాం చేప వేపుడు, వాసన గదంతా వచ్చింది. చిక్కి సగమయ్యాడు. కళ్ళనిండా నీళ్ళు.

"బావా," అన్నాడు.

తరవాత ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు. నలుగురు నన్ను వాడి మీది నుంచి లాగారు. వాడి భుజం దగ్గరి ఎముక విరిగింది. వేపుడు నేలపాలైంది. నా మణికట్టు పట్టీ ఇంకా తీయలేదు, అంకె తొంభై ఒకటి చూపించిందట. నిజం తెలిసింది బుర్రకే. చేతులకు ఎవరూ చెప్పలేదు.

ఇంటికి వచ్చాను. పడవ నీలంగానే ఉంది. సైకిలు మూల పడుంది. నా కంచం కడిగి బోర్లించి ఉంది. అన్నీ నా చేతులతో ముట్టుకుని చూశాను, అయినా కసి దిగలేదు. వీధిలో ఎవరైనా బావా అని ఎవర్నో పిలిస్తే నా పిడికిళ్ళు బిగుసుకునేవి. ఎల్లాజీ ఊరు వదిలి విశాఖ రేవులో ఒక మరపడవ మీద కళాసీగా చేరాడు. వాడి పేరు ఇంట్లో ఎత్తడం మానేశాం. నూకరత్నం తమ్ముడితో మాట్లాడాలంటే వెనక వీధికి పోయి ఫోను చేసుకునేది.

రెండు నెలలు ఇలా నడిచింది. ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఆవిడ స్నానానికి వెళ్ళింది, ఫోను మోగితే నేను ఎత్తాను. "అక్కా, బువ్వ తిన్నావా?" అన్నాడు. అంతే. చేపలు కోసే కత్తి తీసుకుని బస్సెక్కాను.

రేవులో మిట్టమధ్యాహ్నం ఎండ. రేకుల షెడ్డు కింద ఎల్లాజీ వల కుడుతున్నాడు. ఒక భుజం ఇంకా వంకరగానే ఉంది. నన్ను చూశాడు, నా చేతిలో కత్తి చూశాడు. పారిపోలేదు. వల పక్కన పెట్టి, అరచేత్తో నోరు మూసుకున్నాడు. గొంతు వినిపిస్తే నాకు పిచ్చెక్కుతుందని డాక్టరమ్మ వాడికి చెప్పింది. పొడిచేసేవాడి ముందు కూడా నా కోసం నోరు మూసుకున్నాడు దరిద్రుడు. అది చూసి జాలి పడాలి కదా? నాకు ఇంకా మండింది.

వెనకాల ఆటో ఆగింది. నూకరత్నం తడి జుట్టుతో, చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చి మా మధ్య నిలబడింది.

"ఆడి మీదికెల్తావేటి? ఆ మాటలు ఆడివి కావు. ఒక్కటీ కాదు. అన్నీ నానే రాసినాను."

"ఏటీ?"

"నీకు పచ్చ గిట్టదని ఆ మిసనుకెలా తెలుస్తాది? సీటు దించితే మండుతాదని దానికెవులు సెప్పినారు? నానే. రోజుకి పది రాసేదాన్ని. అందులోంచి ఒకటి ఏరీవోరు. ఈడు సదవనేక ఏడ్సీవోడు. గిల్లి గిల్లి సదివించినాను."

"మరి నువ్వే సెప్పొచ్చు గదా?" అన్నాను.

"డాట్రమ్మ ముందు నన్నే అడిగినాది. నాను ఒప్పుకోనేదు." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. "నన్ను సంపడానికని నువ్వొస్తే నాకేటి మిగుల్తాది? అందుకని మా తమ్ముణ్ణి ఇచ్చీసి నిన్ను తెచ్చుకున్నాను. తప్పే. మల్లీ అలగయితే మల్లీ అదే సేస్తాను. పొడిస్తే నన్ను పొడు."

నేను ఆవిడను అసహ్యించుకోవాలని చూశాను. ఒట్టు, గట్టిగా ప్రయత్నించాను. ఏమీ రాలేదు. నా భార్య నా ముందు నిలబడి నేరం ఒప్పుకుంటుంటే, నా చేయి మాత్రం ఆవిడ భుజం మీదుగా వాడి గొంతు ఎంత దూరంలో ఉందో కొలుస్తోంది. అప్పుడు నాకు మొదటిసారి నా చేయంటే భయం వేసింది. కత్తి నీళ్ళలోకి విసిరేసి నేరుగా సంస్థ ఆఫీసుకు పోయాను.

డాక్టర్ వకుళ బల్ల మీద ఆరు కాగితాలున్నాయి. ఆరు చోట్ల నుంచి ఆవిడ యంత్రం కావాలని అడిగారు. మంచుకొండల మీద కాపలా, గనులు, అంతరిక్షం. అన్నీ మనిషి ఒంటరిగా ఉండే చోట్లే.

"ఇది నాలో ఎక్కించింది మీరే. దించండి," అన్నాను.

"దించడం తెలిసుంటే మీ కాళ్ళు పట్టుకునైనా దించేదాన్ని. ఎక్కించడం ఒక్కటే తెలుసు."

"మరి ఇంకో ఆరుగురికి ఎక్కించడానికి తయారయ్యారేం?"

"వాళ్ళు బతుకుతారు కాబట్టి." ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "మీరు చచ్చిపోయుంటే మీ బావమరిది మీకు కర్మ చేసేవాడు. ఇప్పుడు మీరు వాణ్ణి కొడుతున్నారు. నాకు ఈ రెండింట్లో ఒకటి ఎంచుకునే అవకాశమే ఉంది. ఎంచుకున్నాను."

నాకు ఆ బల్లను తిరగెయ్యాలనిపించింది. కానీ దారిపొడుగునా ఒక ఆలోచన నన్ను వదల్లేదు. మూడు నెలల్లో ఎల్లాజీ గొంతు నాలో ఇంత పెద్దదయింది ఎందుకు? అక్కడ ఇంకే గొంతూ లేదు కాబట్టి. ఇక్కడ ఊరు, జనం, రేడియో, కాకులు. ఇంత గోలలో ఆ గొంతును ఎవడు కడుగుతాడు?

"నన్ను మళ్ళీ గదిలో పడెయ్యండి," అన్నాను. "మీ దగ్గర పరీక్షలకి వాడే ఇనప గది ఉంది కదా, అందులో. అదే దీపం, అవే పొట్లాలు. రోజుకి ఒక్క నిమిషం వాడి గొంతు. ఈసారి నిజాలే చెప్పాలి. క్షమాపణలు, ఏడుపులు వద్దు. మీ యంత్రం వేలు పెట్టకూడదు."

"ఒకసారి ఆ పరిస్థితి నుంచి వచ్చినవాళ్ళు రెండోసారి తట్టుకోలేరు. పిచ్చెక్కొచ్చు. అదే గట్టిపడిపోవచ్చు కూడా."

"మా ఆవిణ్ణి ఏం చేయలేను. మిమ్మల్ని తంతే నాకేం రాదు. నాలో మీరు పెట్టినదాని మీదే నా పగ. దాన్ని చంపేదాకా బయటికి రాను."

నూకరత్నం ఒప్పుకోలేదు, మూడు రోజులు అన్నం తినలేదు. నేనూ తినలేదు. నాలుగో రోజు ఆవిడే వచ్చి సంతకం పెట్టింది.

ఆ గదిలో గోడకు ఒక మీట ఉంది. నొక్కితే తలుపు తీస్తారు, ప్రయోగం అక్కడితో సరి. నిమిషం మొదలైనప్పుడు చిన్న ఎర్రదీపం వెలిగేది. మొదటి రోజు "బావా, నాను" అనగానే నీళ్ళ చెంబు గోడకేసి కొట్టాను. మిగతా నిమిషం వాడేం చెప్పాడో వినలేదు. రెండో రోజూ అంతే. వారం రోజులు చెవుల్లో రక్తం కొట్టుకుంటుంటే ఆ గొంతు కింద నిలబడ్డాను.

వాడు నిజాలే చెప్పాడు. "ఈయేల మూడు కోనాం సేపలు పడ్డాయి." "పడవ నడిపే సరంగుకి పంటినొప్పి, అందర్నీ తిడతన్నాడు." "నాకు పిల్లని సూసినారు బావా. నన్ను సూసి ఆ పిల్ల నవ్వినాది. ఎందుకో తెల్దు." పదో రోజుకి చెంబు విసరడం మానేశాను. ఇరవయ్యో రోజుకి, ఆ పిల్ల ఎందుకు నవ్విందో నాకు తెలుసనుకున్నాను. వాడు నడిచేటప్పుడు బాతులా ఊగుతాడు. కానీ గొంతు వినగానే వేళ్ళు ముడుచుకోవడం మాత్రం పోలేదు. అంకె ఎంతుందో నాకు చెప్పేవారు కాదు.

ముప్ఫై ఒకటో రోజు వాడన్నాడు, "రేపు లోతుకెల్తన్నాం. ఇంజను దగ్గుతన్నాది. సరంగుకి సెప్తే ఇనడు. పొద్దున్న ఎల్లి సందేళకొచ్చీడమే."

మర్నాడు ఎర్రదీపం వెలిగింది. గొంతు రాలేదు. నిమిషమంతా ఉత్త గరగర. దీపం ఆరింది.

ఆలస్యంగా వచ్చుంటాడనుకున్నాను. ఆ మరుసటి రోజూ దీపం వెలిగింది, గొంతు రాలేదు. అప్పుడు నేను కూర్చోలేకపోయాను. దగ్గే ఇంజనుతో లోతుకు పోతారా ఎవరైనా? ఆ సరంగు వెధవకు పంటినొప్పి కాదు, బుర్ర నొప్పి. వీడికైనా బుద్ధుండొద్దా, దిగి వచ్చేయొద్దా? భుజం సరిగా లేనివాడు, పడవ మునిగితే ఎంతసేపు ఈదుతాడు? ఆ భుజం విరగ్గొట్టింది ఎవరు? పది అడుగుల గదిలో ఎన్ని వందలసార్లు తిరిగానో లెక్కలేదు. పొట్లం ముట్టలేదు. మూడో రోజు దీపం వెలిగి గరగర మొదలవగానే, నిమిషం పూర్తయ్యేదాకా కూడా ఆగలేక మీట నొక్కాను.

తలుపు తెరుచుకోలేదు. పైన డబ్బాలోంచి డాక్టర్ వకుళ గొంతు వచ్చింది, చాలా జాగ్రత్తగా, ఒక్కొక్క మాటా తూచి.

"తాతారావుగారూ, కాస్త కూర్చోండి. మీ అంకె తొంభై ఏడు. ఇంతవరకూ ఎవరికీ అంత రాలేదు. మూడు రోజులుగా పెరుగుతూనే ఉంది. ప్రయోగం తప్పింది. ముప్ఫై ఒకటో రోజు రాత్రే అంకె లేవడం చూసి, ఎల్లాజీని నేనే మాట్లాడనివ్వలేదు. ముందు అతన్ని ఇక్కణ్ణుంచి పంపించేసి, అప్పుడు తలుపు తీస్తాం."

"బతికున్నాడా?"

నేను తలుపు మీద గుద్దాను.

"అమ్మా! ఇంజను దగ్గుతోందన్నాడు. పడవ వచ్చిందా? ఆడు బతికున్నాడా నేదా?"

డబ్బాలోంచి కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది. యంత్రానికి నా నాడి, నా చెమట అందాయి. పగతో పట్టినా భయంతో పట్టినా చెమట చెమటే. ఇన్నేళ్ళూ ఆవిడ చూసిన అంకెల్లో ఎన్ని పగవో, ఎన్ని భయానివో నాకు తెలియదు. ఆవిడకూ తెలియదు.

తలుపు తీసింది ఆవిడే. చేతిలో కాగితం ఉంది. తొంభై ఏడు పక్కన పెద్ద ప్రశ్న గుర్తు పెట్టుంది. ఆ కాగితం నాకేసి చూపించబోయింది, నేను పక్కకు తోసి బయటికి వచ్చాను.

వరండా చివర ఎల్లాజీ నిలబడున్నాడు. పంపించేస్తామన్నారు గానీ, వాడు వెళ్ళనన్నాడట. నూకరత్నం వాడి చొక్కా వెనక నుంచి పట్టుకుని నిలబడింది. వాడు నన్ను చూడగానే అరచేత్తో నోరు మూసుకున్నాడు.

దగ్గరకు నడిచాను. నాలుగడుగుల దూరంలో ఆగాను.

"సెయ్యి తియ్యి," అన్నాను. తీశాడు.

"మాట్లాడు."

వాడు అక్క మొహం చూశాడు. ఆవిడ వాడి చొక్కా వదిలేసింది.

"బావా," అన్నాడు.

చేతులు లేచాయి. అబద్ధం చెప్పను, లేచాయి. వరండా కమ్మీని రెండు చేతులా పట్టుకుని, వేళ్ళు తెల్లబడేదాకా బిగించాను. నూకరత్నం ముందుకొచ్చింది, వద్దని తల ఊపాను.

"ఇంజను బాగుసేయించినారా?"

"నేదు బావా."

"మరెందుకెల్లినావురా ఎదవా?"

"ఎల్లనేదు బావా. నువ్వు తిడతావని దిగిపోనాను."

ఎండ కమ్మీల మీద పడుతోంది. నేను ఇంకా కమ్మీ వదల్లేదు, వాడికి కనిపిస్తూనే ఉంది. అయినా వాడు వెనక్కి జరగలేదు, ఒకడుగు ముందుకే వేశాడు.

"మల్లీ అను," అన్నాను.

"ఏటి?"

"అదే. బావా అను."

"బావా."

"మల్లీ."

అన్నాడు. వాడు అన్నప్పుడల్లా చేతులు లేవబోతున్నాయి, నేను కమ్మీ వదలకుండా మళ్ళీ అనమంటున్నాను. నన్ను ఇన్నాళ్ళు ఏడిపించిన ఆ గొంతు బొంగురుపోయేదాకా, వాడి చేత అనిపిస్తూనే ఉన్నాను.